గోదావరి గాలికీ వానకీ తగిన గాలి గుడారం

కార్తీకమాసం వచ్చిందంటే రాజమహేంద్రవరంలోనూ, గోదావరికి ఇరువైపులా ఉన్న ఊళ్ళలోనూ కుటుంబాలన్నీ కలిసి ఏ తోటకో, ఏటి ఒడ్డుకో వెళ్ళి ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు చేయడం తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆ ఆచారం ఇటీవలి కాలంలో ఒక పూట భోజనంతో ఆగక ఒక రాత్రి బసగా కూడా సాగుతున్నది. నగరానికి సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉన్న మారేడుమిల్లి, దానికి పైన పచ్చికబయళ్ళతో పరుచుకున్న గుడిస కొండ, పాడేరు దగ్గర మేఘాలు కాళ్ళ కింద కనిపించే వంజంగి, చలికి పేరుపడిన లంబసింగి, ఇవన్నీ శీతాకాలంలో పిల్లాపాపలతో వెళ్ళే చోట్లయ్యాయి. అక్కడ అద్దెకు దొరికే చిన్న గోపురపు గుడారాలు ఇద్దరు యువకులకు సరిపోవచ్చునేమో గాని, తాతయ్య, నాయనమ్మలతో సహా ఆరుగురున్న ఇంటికి సరిపోవు. అందుచేత సొంతంగా ఒక పెద్ద గుడారం కొనాలన్న ఆలోచన చాలా ఇళ్ళలో కలుగుతున్నది. ఆ ఆలోచనతో అంగడికి వెళ్ళినవారికి ఇనుప గొట్టాలూ, పీచుగాజు కర్రలూ లేకుండా కేవలం గాలితోనే నిలబడే గుడారం ఒకటి ఎదురవుతున్నది. దాని పని తీరేమిటో, గోదావరి ప్రాంతపు ఉక్కకూ, తేమకూ, వానకూ అది ఎంతవరకు తగినదో, కొనేముందు అందులో ఏయే భాగాలను పరిశీలించాలో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

గాలి గుడారమంటే లోపలంతా గాలి నింపిన బుడగ కాదు. గుడారపు బట్టకు ఆధారంగా ఉండే కమానులు మాత్రమే గాలితో నిండిన గొట్టాలు. మనుషులుండే చోటు మామూలు గుడారంలో ఉన్నట్లే ఉంటుంది. ఈ రెండింటికీ తేడా చరిత్రలో కూడా ఉన్నది. మోటారు వాహనాల నిర్మాణంలోనూ, విమాన శాస్త్రంలోనూ ప్రసిద్ధుడైన ఆంగ్లేయ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, యుద్ధరంగపు ఆసుపత్రి కోసం లోపలి గాలి ఒత్తిడితోనే కప్పు నిలబడే గుడారానికి పేటెంటు కోరాడు. అది మొదటి పద్ధతి. గొట్టాలలో మాత్రమే గాలి నింపి వాటిని కమానులుగా నిలబెట్టే రెండవ పద్ధతికి లోకమంతా చూసిన ఉదాహరణ 1970లో జపానులోని ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో యుతాకా మురాతా రూపొందించిన ఫుజీ మండపం. నాలుగేసి మీటర్ల వ్యాసం కలిగిన 16 గాలి గొట్టాలను పక్కపక్కన వంచి నిలిపి ఆ మండపాన్ని కట్టారు. కుటుంబాలు కారులో వేసుకొని వెళ్ళగలిగిన గాలి గుడారాలు విరివిగా అంగట్లోకి వచ్చింది మాత్రం ఈ శతాబ్దపు రెండవ దశకంలోనే. జర్మనీకి చెందిన హైమ్‌ప్లానెట్, స్కాట్లండుకు చెందిన వాంగో వంటి సంస్థలు ఈ దారిలో ముందు నడిచాయి. డెకత్లాన్ సంస్థ వారి కెచువా గుడారాలలోనూ ఈ రకం ఉన్నది.

ఒక్కొక్క గొట్టంలోనూ రెండు పొరలుంటాయి. గాలిని పట్టి ఉంచేది లోపలి పొర. దానిని సాధారణంగా టీపీయూ అనే సాగే ప్లాస్టిక్కుతో చేస్తారు. ఆ పొర ఉబ్బిపోకుండా, వంపు తప్పకుండా పట్టి ఉంచేది గట్టి పాలియెస్టరు నేతతో కుట్టిన పైతొడుగు. గాలి ఒత్తిడిని పీఎస్‌ఐ అనే కొలతలో, అంటే ఒక చదరపు అంగుళం మీద ఎన్ని పౌన్ల బలం పడుతున్నదో ఆ లెక్కలో చెబుతారు. కారు టైరులో ఇది 30కి పైగా ఉంటే, గుడారపు గొట్టంలో చాలావరకు 5 నుంచి 9 మధ్య ఉంటుంది. ఇంత తక్కువ ఒత్తిడితో కమాను ఎలా నిలుస్తుందన్న సందేహం సహజమైనదే. లోపలి గాలి తొడుగు బట్టను అన్ని వైపులా బిగదీసి ఉంచుతుంది. ఈదురుగాలి కమానును ఒక పక్కకు నెట్టినప్పుడు ఆ పక్క బట్టలోని బిగువు తగ్గుతూ వస్తుంది. ఆ బిగువు పూర్తిగా పోయినచోట ముడత పడి కమాను మడుచుకుంటుంది. ఇలా మడుచుకోకుండా తట్టుకునే శక్తి ఒత్తిడితో పాటు పెరిగేమాట నిజమే కాని, గొట్టపు వ్యాసంతో ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. ఒత్తిడి రెట్టింపయితే ఆ శక్తి రెట్టింపవుతుంది. వ్యాసం రెట్టింపయితే, ఒత్తిడి మారకపోయినా, ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన పీఎస్‌ఐ అంకెను మాత్రమే చూసి గుడారపు బలాన్ని అంచనా కట్టడం సరికాదు. గొట్టం ఎంత లావున్నదో చేతితో పట్టి చూడటం, ఒకే కొలతలున్న రెండు గుడారాలలో ఎన్నెన్ని కమానులున్నాయో లెక్కించడం కొనేవారికి ఎక్కువ విషయం చెబుతాయి. పీచుగాజు కర్ర గాలి ఉధృతికి విరిగితే ఆ చీలిక బట్టను కూడా చీలుస్తుంది. గాలి కమాను వంగినా గాలి తగ్గగానే తిరిగి తన రూపానికి వస్తుంది. గాలి గుడారానికున్న గొప్ప సుగుణం ఇదే. పది నిమిషాలలో లేస్తుందన్న ప్రచారం దీని తరువాతి మాట.

అయితే యూరపులో అంతగా లెక్కకు రాని ఒక విషయం గోదావరి తీరంలో లెక్కకు వస్తుంది. మూసి ఉన్న గొట్టంలోని గాలి వేడెక్కితే దాని ఒత్తిడి పెరుగుతుంది. తెల్లవారుజామున 24 డిగ్రీల చల్లదనంలో 7 పీఎస్‌ఐ నింపిన గొట్టం, మధ్యాహ్నపు ఎండలో కాగి లోపలి గాలి 55 డిగ్రీలకు చేరితే, బయటి వాతావరణపు 14.7 పీఎస్‌ఐని కూడా కలుపుకొని లెక్కించినప్పుడు, దాదాపు 9.3 పీఎస్‌ఐ చూపుతుంది. 7కు తయారైన అతుకు మీద ఇది మూడోవంతు అదనపు భారం. ఎండలో వదిలేసిన గుడారపు గొట్టాలు అతుకుల దగ్గర వదులు కావడానికి ఇదొక కారణం. కనుక ఒత్తిడి మితిమీరినప్పుడు తనంతట తానే గాలి వదిలే రక్షక వాల్వు గొట్టానికి ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. పంపుకు మాత్రమే అటువంటి వాల్వు ఉంటే అది నింపేటప్పుడు పనికివస్తుంది గాని మధ్యాహ్నపు ఎండలో పనికిరాదు. రక్షక వాల్వు లేని గుడారమయితే ఎండ ఎక్కకముందే కొంత గాలి వదిలి, పొద్దు వాలిన తరువాత మళ్ళీ నింపుకోవడం తప్పనిసరి. ఒత్తిడి చూపే ముల్లు ఉన్న చేతిపంపు ఈ ప్రాంతంలో అలంకారం కాదు, అవసరం.

వాల్వుల అమరికలో రెండు పద్ధతులున్నాయి. కొన్ని గుడారాలలో ప్రతి కమానుకూ వేరువేరు వాల్వు ఉంటుంది. మరికొన్నింటిలో కమానులన్నీ సన్నని గొట్టంతో కలిసి ఉండి ఒకేచోట నుంచి గాలి నిండుతుంది. రెండవది శ్రమ తగ్గిస్తుంది, కాని కమానుకూ కమానుకూ మధ్య మూసివేసే బిరడా లేకపోతే ఒకచోట పడిన చిల్లు మొత్తం గుడారాన్ని అర్ధరాత్రి నేలకు దించుతుంది. అటువంటి బిరడాలు ఉన్నవాటినే తీసుకోవాలి. గాలి నింపడం పూర్తికాగానే వాటిని మూయడం మరచిపోకూడదు. రెండు పద్ధతులలోనూ చూడవలసిన ముఖ్యమైన అంశం, పైతొడుగుకు జిప్పు ఉండి లోపలి ట్యూబును బయటికి తీయడానికి వీలుందా అన్నది. వీలున్నచోట మరమ్మతు కష్టం కాదు. జిప్పు తెరిచి, ట్యూబును పూర్తిగా బయటికి లాగి, కొద్దిగా గాలి కొట్టి, సైకిలు ట్యూబును ముంచినట్లే నీళ్ళ తొట్టెలో కొంచెం కొంచెంగా ముంచుతూ పోతే చిల్లున్నచోట బుడగలు వరుసగా పైకి వస్తాయి. ఆ చోటును పెన్నుతో గుర్తుపెట్టి, తడి పూర్తిగా ఆరిన తరువాత అతుకు వేయాలి. సైకిలు షాపులో రబ్బరు ట్యూబులకు వాడే సొల్యూషన్ టీపీయూ ప్లాస్టిక్కును సరిగా పట్టదు. గుడారంతో పాటు వచ్చే ప్రత్యేకపు అతుకులూ, పాలియురేథేన్ జిగురూ సంచిలో ఉన్నాయో లేవో కొన్ననాడే చూసుకోవాలి. విడి ట్యూబు అమ్మని కంపెనీ గుడారం ఎంత చౌకగా వచ్చినా కొనకపోవడమే మేలు. ఎందుకంటే నేత చిరిగితే కుట్టే చేతులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి గాని, వేడితో అతికిన గాలి ట్యూబును ఊళ్ళో మళ్ళీ తయారుచేయడం సాధ్యం కాదు.

బట్ట విషయానికి వస్తే అమ్మకందారులు రెండు అంకెలు చెబుతారు. డెనియరు అనేది దారపు మందాన్ని తెలిపే కొలత: 9000 మీటర్ల పొడవున్న దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. రెండవది నీటిస్తంభపు ఎత్తు. బట్టను బిగించి దాని మీద నీటి ఒత్తిడిని పెంచుకుంటూ పోయినప్పుడు ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీరు నిలిచేవరకు చెమ్మ ఇవతలికి రాదో ఆ లెక్క. 1500 మిల్లీమీటర్లను కనీసంగా ఎంచుతారు; ఏడాదికి వేయి మిల్లీమీటర్లు దాటి వాన పడే, అదీ జల్లుగా కాక కుండపోతగా పడే ఈ ప్రాంతంలో 3000కు తగ్గకుండా చూసుకోవడం మంచిది. మోకాళ్ళ బరువు, మంచపు కాళ్ళ బరువు పడే నేలపట్టకు ఇంకా ఎక్కువ కావాలి. ఇంత చెప్పుకున్నా, వాన కారేది సాధారణంగా బట్టలోంచి కాదు, కుట్లలోంచి. ప్రతి కుట్టు మీద లోపలివైపున పారదర్శకమైన టేపు వేడితో అతికించి ఉందేమో గోరుతో తడిమి చూస్తే తెలిసిపోతుంది. నూలు కలిసిన బట్టను యూరపులో మెచ్చుకుంటారు. అది ఊపిరి పీల్చుకుంటుంది, లోపల చల్లగా ఉంటుంది. గోదావరి తేమలో మాత్రం అది త్వరగా బూజు పడుతుంది, తడిస్తే బరువు మోయలేనంతవుతుంది. ఇక్కడికి పాలియెస్టరే తగినది.

గుడారం ఎంపికలో అన్నింటికన్నా ముఖ్యమైనది గాలి ప్రసారం. దీని మీదనే కొనేవారు తక్కువ శ్రద్ధ పెడతారు. నిద్రపోతున్న మనిషి ఊపిరితోనూ, చెమటతోనూ రాత్రంతా తేమను వదులుతూనే ఉంటాడు. నలుగురున్న గుడారంలో తెల్లవారేసరికి ఆ తేమ ఒక లీటరుకు అటూ ఇటూ చేరుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న శీతాకాలపు రాత్రి పైకప్పు బట్ట తన వేడిని ఆకాశంలోకి కోల్పోయి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. అప్పటికే తేమతో నిండిన గాలి ఆ చల్లని బట్టను తాకగానే నీరుగా మారి, బొట్లు బొట్లుగా నిలిచి, ఎవరైనా తెర కదిపితే పక్కల మీద పడుతుంది. కొత్త గుడారం కారుతున్నదని దుకాణానికి తిరిగి తెచ్చినవాటిలో కారనివి చాలా ఉంటాయి. కారణం ఈ చెమ్మే. పొడిగా ఉండే దేశాలలో కిటికీ కొంచెం తెరిస్తే ఇది తగ్గిపోతుంది. రాత్రి గాలిలోనే తేమ నిండిన డెల్టాలో తగ్గదు. ఇక్కడికి కావలసింది రెండు పొరల గుడారం: లోపలి గది పలుచని, గాలి ఆడే బట్టతోనూ, దోమతెరతోనూ ఉండాలి, బయటి కప్పుకూ దానికీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి, చల్లని గాలి లోపలికి రావడానికి నేలకు దగ్గరగానూ, వెచ్చని తేమగాలి బయటికి పోవడానికి కప్పుకు దగ్గరగానూ వాన పడినా మూయనక్కరలేని తూములుండాలి. కింద మాత్రమే ఉండి పైన లేకపోతే గాలి కదలదు. దుకాణంలో నిలబెట్టిన గుడారంలోకి పిల్లలతో సహా అందరూ వెళ్ళి, తలుపులన్నీ మూసి, పది నిమిషాలు కూర్చొని చూస్తే ఏ అంకె చెప్పని విషయం ఒంటికి తెలుస్తుంది. మన్యంలో మలేరియా ఇంకా ఉన్నది కనుక దోమతెర కళ్ళు సన్నగా ఉండటం, తలుపు జిప్పు మూలల్లో వేలు పట్టే సందు లేకపోవడం ఆరోగ్యానికి సంబంధించిన విషయాలు. నేలపట్ట గోడలకు కలిపి కుట్టి ఉంటే తేళ్ళూ, జెర్రులూ, పాములూ లోపలికి రావు. వెలుగును ఆపే నల్లపూత ఉన్న కప్పులు ఉదయపు ఎండను కొంతసేపు ఆపుతాయి గాని, మే నెలలో రాజమహేంద్రవరంలో కాసే ఎండకు ఏ పూతా చాలదు. వేసవిలో ఈ మైదానాలలో పిల్లలతో గుడారపు బస పెట్టుకోకపోవడమే మంచిది.

నలుగురి గుడారమని రాసి ఉన్నదానిలో తయారీదారు ఒక్కొక్కరికి సుమారు రెండడుగుల వెడల్పు మాత్రమే లెక్క వేస్తాడు. సామాను, తడిసిన చెప్పులు, పిల్లల దుస్తుల సంచి అందులో చేరవు. నలుగురికి ఆరుగురి గుడారం, ఆరుగురికి ఎనిమిదిమంది గుడారం అన్న లెక్క ఇక్కడి ఇళ్ళకు సరిపోతుంది. ఎత్తు గురించి దుకాణదారులు ఎక్కువగా మాట్లాడరు. చీర కట్టుకోవాలంటే స్త్రీ నిటారుగా నిలబడి, కుచ్చెళ్ళు పోసుకోవడానికి చేతులు ఆడించగలగాలి. మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ వంగి పాకుతూ లోపలికి పోలేదు. లోపలి గదిలోనే ఆరడుగులకు తగ్గని ఎత్తు, గడప తక్కువగా ఉన్న తలుపు, మధ్యలో తెర వేసి రెండు గదులుగా విడదీసుకునే వీలు ఉన్న గుడారమే ఉమ్మడి కుటుంబానికి గుడారమవుతుంది.

ఈ సౌకర్యాలన్నిటికీ మూల్యం బరువు. కుటుంబానికి సరిపోయే గాలి గుడారం 15 నుంచి 25 కిలోల వరకు తూగుతుంది. ధర కూడా మామూలు గోపురపు గుడారానికి కొన్ని రెట్లుంటుంది. కారు ఆగిన చోటికీ గుడారం వేసే చోటికీ మధ్య కాలిబాట ఉంటే, అది వాగు దాటే బాట అయితే, గాలి గుడారం కొనవద్దని స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది. అల్యూమినియం కర్రల గుడారాలు రెండు కొని ఇద్దరు మోసుకుపోవడం అక్కడ తెలివైన పని. కారు పక్కనే బస చేసేవారికి, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి, ఒక్కరే నిలబెట్టవలసి వచ్చేవారికి మాత్రమే ఈ ఖర్చు సార్థకం.

గుడారం ఎంత మంచిదైనా వేసే చోటు చెడ్డదైతే ఫలం లేదు. గోదావరి ఇసుక తిన్నెలు చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. అయితే ఇక్కడ వాన చుక్క పడకపోయినా ఎగువన మహారాష్ట్రలోనూ, ఛత్తీస్‌గఢ్‌లోనూ, తెలంగాణలోనూ పడిన వాన నది నీటిమట్టాన్ని పెంచుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించిన ఈ నది ఒడ్డున వర్షాకాలంలో లంకల్లో రాత్రి బస తగదు. వనభోజనాలకు అనువైన నవంబరే తుపాన్ల నెల కూడా. 1996 నవంబరు 6న కోనసీమను కూల్చివేసిన తుపాను వంటి వాటి ముందు ఏ గుడారమూ నిలవదు కనుక, వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న వారంలో అంతర్వేది, ఓడలరేవు తీరాలకు ప్రయాణం మానుకోవాలి. గాలి కమానులు గుడారాన్ని నిలబెడతాయి గాని నేలకు పట్టి ఉంచవు. ఆ పని మేకులదీ, లాగి కట్టే తాళ్ళదీ. సముద్రపు ఇసుకలో సన్నని మేకు పట్టదు, వెడల్పైన రేకు మేకు కావాలి. మారేడుమిల్లి వైపు రాతినేలలో పెట్టెతో వచ్చే పలుచని మేకులు వంగిపోతాయి, గట్టి ఉక్కు మేకులు విడిగా కొనుక్కోవాలి. వెదురు బొంగులో కాల్చే బొంగు చికెన్ కోసం వేసే నిప్పు గాలివాలుకు కిందివైపున, గుడారానికి బాగా ఎడంగా ఉండాలి, ఎందుకంటే పాలియెస్టరు మీద పడిన ఒక్క నిప్పురవ్వ చిల్లు పొడుస్తుంది. గుడారం లోపల పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని పెట్టడం బొత్తిగా కూడదు. మూసిన గుడారంలో చేరే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన పాపికొండల అడవిలో అనుమతి లేకుండా బస చేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మిగిలిన కొండలమీద కూడా అటవీ శాఖ నియమాలు కాలాన్నిబట్టి మారుతుంటాయి కనుక బయలుదేరేముందు అడిగి తెలుసుకోవాలి. ప్లాస్టిక్ పళ్ళేలు, సీసాలు వదిలి రావడం వల్ల కూడా కొండలపై రాత్రి బసకు అభ్యంతరాలు వస్తున్నాయన్నది గుడారం కొనే ప్రతి కుటుంబం గుర్తుంచుకోవలసిన విషయం.

ఇంటికి తెచ్చిన తరువాతి జాగ్రత్త కొనేటప్పటి జాగ్రత్తకన్నా తక్కువది కాదు. మంచుకు తడిసిన గుడారాన్ని మడిచి కారులో వేసుకు రావలసి రావచ్చు. దానిని ఆ రోజే డాబా మీద గాని, వసారాలో గాని విప్పి ఆరవేయాలి, లేకుంటే ఈ వాతావరణంలో రెండు రోజుల్లో బూజు పడుతుంది. బట్టకు లోపలివైపు వేసిన పాలియురేథేన్ పూత వేడికీ, తేమకూ నెమ్మదిగా విడిపోయి బంకగా మారుతుంది. సంచిలో బిగించి రేకుల ఇంటి అటక మీద రెండు వర్షాకాలాలు వదిలేసిన గుడారం ఒకసారి కూడా వాడకుండానే చెడిపోయే ప్రమాదం ఉన్నది. వదులుగా చుట్టి, గాలి ఆడే గదిలో, ఎలుకలకు అందని అలమారలో ఉంచి, ఏడాదికి రెండుసార్లయినా విప్పి చూడాలి. జిప్పులకు సముద్రతీరపు ఉప్పు పట్టితే మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. ప్రయాణానికి వారం ముందు కమానులకు గాలి నింపి ఒక పగలూ ఒక రాత్రీ నీడలో నిలిపి ఉంచితే ఎక్కడ ఒత్తిడి తగ్గిందో పంపు ముల్లే చూపుతుంది. పైబట్ట చిరిగితే షామియానాలు, టార్పాలిన్లు కుట్టేవారు పాలియెస్టరు దారంతో కుట్టి ఇవ్వగలరు. ఆ కుట్టు మీద లోపలివైపు టేపు వేయించడం, లేదా కుట్లకు పూసే జిగురు రాసి ఆరనివ్వడం తప్పక గుర్తు చేయాలి, ఎందుకంటే షామియానాకు అది అవసరముండదు కనుక అడగనిదే వారు వేయరు.